పెద్ద పంతులుగారి నంబరు

ఇరవై ఆరేళ్ళుగా గోదావరి ఒడ్డున కూర్చుని పోయినవాళ్ళ పేర్లు పిలుస్తున్నాను. నువ్వులూ నీళ్ళూ వదిలిస్తున్నాను, పిండాలు పెట్టిస్తున్నాను. ఇంతవరకు ఒక్కరూ పలకలేదు. పలుకుతారని నేను ఏనాడూ అనుకోలేదు కూడా.

మాది కొవ్వూరు. పౌరోహిత్యం నా వృత్తి. పెళ్ళిళ్ళు, వ్రతాలు, గృహప్రవేశాలు, తద్దినాలు అన్నీ చేయిస్తాను. ఇంట్లో ఏదో తిరుగుతోందని, శాంతి చేయించమని వచ్చేవాళ్ళకి నేనొక్కటే చెప్పేవాణ్ణి. ముందు కరెంటు మనిషిని పిలిపించి వైర్లు చూపించుకోండి, తర్వాత డాక్టరు దగ్గరకి వెళ్ళండి, అప్పటికీ తగ్గకపోతే రండి అని. ఇలా మాట్లాడి వచ్చే బేరాలు పోగొట్టుకుంటున్నానని మా ఆవిడ కామేశ్వరి సాధించేది. దెయ్యాల పేరు చెప్పి మనుషుల దగ్గర డబ్బు లాగడమంటే నాకు ఒళ్ళు మంట, ఏం చెయ్యను.

అలాంటివాణ్ణి ఇది రాయడానికి కూర్చున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను. టైములు కూడా వేస్తాను. అవి నేను గుర్తు చేసుకుని చెబుతున్నవి కావు, ఫోన్లలో నమోదై ఉన్నవి.

ముందు ఆ నంబరు సంగతి చెప్పాలి. నేను వాడే ఫోన్ నంబరు మొదట మా నాన్నగారిది. ఆయన పోయి ఆరేళ్ళయింది. మా సొంత ఊరు రావులపాలెం అవతల ఒక చిన్న పల్లె. నాన్నగారు కొవ్వూరు వచ్చేసి ముప్ఫై ఏళ్ళయినా, అక్కడి రైతు కుటుంబాలు ఆయన్ని వదల్లేదు. పిల్లల పేర్ల దగ్గర్నుంచి పెళ్ళి ముహూర్తాల దాకా ఆయనకే ఫోన్ చేసేవారు. అందరి దగ్గరా ఉన్న నంబరు కదా అని, ఆయన పోయాక ఆ సిమ్ము నా పేరుకి మార్పించుకుని నా ఫోన్లో వేసుకున్నాను.

నాన్నగారికి స్మార్ట్‌ఫోన్ అంటే గిట్టేది కాదు. చివరిదాకా బటన్ల ఫోనే. అందులో కూడా అవతలివాళ్ళు గోదావరికి ఆ ఒడ్డున ఉన్నట్టు గట్టిగా అరిచేవారు. పైగా ఒక వింత అలవాటు. తనే ఫోన్ చేసి, అవతలివాళ్ళు ఎత్తగానే హలో అనకుండా "ఎవరూ?" అని అడిగేవారు. మేమందరం ఆయన్ని ఆటపట్టించేవాళ్ళం. మీరే చేసి మమ్మల్ని ఎవరని అడుగుతారేంటండీ అంటే, ఎత్తింది ఎవరో తెలియకుండా విషయం ఎలా చెబుతానురా అనేవారు.

ఆయన నాకు నేర్పినవాటిలో ఒకటి ఇక్కడ చెప్పాలి. మా ఇంటికి వచ్చిన శుభలేఖని విప్పకుండా పక్కన పెట్టకూడదు. పసుపు రాసిన కాగితం అది. తెలిసినవాళ్ళదైనా తెలియనివాళ్ళదైనా విప్పి, పేర్లు చదివి, మనసులో అక్షతలు వేసినట్టు అనుకుని అప్పుడు పక్కన పెట్టాలి. నేను అలాగే చేసేవాణ్ణి. ఇప్పుడు శుభలేఖలు కాగితం మీద తక్కువ, వాట్సాప్‌లో ఎక్కువ. పెళ్ళిళ్ళ రోజుల్లో నా ఫోన్‌కి రోజుకి నాలుగైదు వస్తాయి. సగం మంది ఎవరో నాకు తెలియదు. పంతులుగారి నంబరు ఊరందరిదీ కదా.

కిందటి శ్రావణమాసంలో ఒక సోమవారం మా వీధిలోనే గృహప్రవేశం చేయిస్తున్నాను. పాలు పొంగే లోపల రెండు నిమిషాలు ఖాళీ దొరికితే ఫోన్ చూసుకున్నాను. తెలియని నంబరు నుంచి వినాయకుడి బొమ్మతో ఒక శుభలేఖ వచ్చింది. తప్పక తెరిచి చూసి ఆశీర్వదించ ప్రార్థన అని రాసి ఉంది. తెరిచాను. ఏదో ఇన్‌స్టాల్ చేయాలంది. సరే నొక్కాను. మళ్ళీ ఏదో అనుమతి ఇవ్వమంది. మళ్ళీ సరే. మూడుసార్లో నాలుగుసార్లో సరే నొక్కాను. వినాయకుడు కనిపించి మాయమైపోయాడు. పెళ్ళికూతురి పేరు కూడా తెలియలేదు. ఈ పిల్లలకి శుభలేఖ కూడా సరిగ్గా పంపడం రాదని విసుక్కుని ఫోన్ సంచిలో పడేశాను.

ఆ శుభలేఖ పేరు చివర ఏపీకే అని మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. వాటి అర్థం నాకు అప్పుడు తెలియదు.

మంగళవారం ఏమీ జరగలేదు. ఫోన్ మాత్రం మామూలు కంటే వేడిగా ఉండేది. ఛార్జింగు మధ్యాహ్నానికే అయిపోయింది. పాతబడింది కదా అనుకున్నాను.

బుధవారం పొద్దున్న తొమ్మిదిన్నర నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఏంటండీ పంతులుగారూ, మీ అమ్మాయి పెళ్ళా, ఒక్క మాట చెప్పలేదేంటండీ అని. నాకు అర్థం కాలేదు. మా అమ్మాయి సుధ భీమవరంలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. దానికి పెళ్ళేంటి? నలుగురైదుగురికి లేదండీ లేదండీ అని చెప్పేసరికి సుధే వాళ్ళ అమ్మ ఫోన్‌కి చేసింది. నా నంబరు నుంచి దానికే దాని పెళ్ళి శుభలేఖ వెళ్ళింది.

చదువుకున్న పిల్ల కాబట్టి వెంటనే కనిపెట్టింది. నేను నొక్కింది శుభలేఖ కాదు, దొంగ యాప్. అది నా ఫోన్లోకి దూరి మెసేజీలు, ఓటీపీలు, ఫోటోలు, అందరి నంబర్లు దొంగలకి చేరవేస్తుంది. వాళ్ళు నా వాట్సాప్‌ని తమ చేతుల్లోకి తీసుకుని, నా పేరుతో అదే శుభలేఖని అందరికీ పంపుతున్నారు. తెరిచినవాళ్ళ ఫోన్ గతీ ఇదే. బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చేస్తారు.

నా ఫోన్లో దాదాపు రెండు వేల నంబర్లున్నాయి. అన్నీ నన్ను నమ్మిన కుటుంబాలవి. పంతులుగారు పంపిన శుభలేఖని ఎవరు తెరవకుండా ఉంటారు? కుర్చీలో కూలబడిపోయాను.

సుధ గబగబా చెప్పింది, కామేశ్వరి చేసింది. ముందు ఫోన్ ఆపేయమంది. సిమ్ము తీసేయమంది. బ్యాంకుకి చెప్పి నా ఖాతా ఆపించమంది. సైబర్ పోలీసులకి ఫిర్యాదు చెయ్యమంది. కామేశ్వరి పిన్నీసుతో సిమ్ము బయటికి లాగి, ఎక్కడ పోతుందోనని దేవుడి గూట్లో కుంకుమ భరిణెలో పెట్టింది. అప్పుడు పదకొండుకి పది నిమిషాలు తక్కువ. గడియారం చూసి సుధకి చెప్పాం కాబట్టి గుర్తుంది.

చివరగా సుధ వాళ్ళ అమ్మకి ఒక మాట గట్టిగా చెప్పింది. "నాన్న నంబరు నుంచి ఏం వచ్చినా తెరవకమ్మా. ఫోన్ వచ్చినా ఎత్తకు. అది నాన్న కాదు."

నేను ఫోన్ తీసుకుని బ్రిడ్జి మీదుగా రాజమండ్రి వెళ్ళాను. కోటగుమ్మం దగ్గర నాకు తెలిసిన రిపేరు షాపు ఉంది. ఆయన నెమ్మదస్తుడు. ఫోన్ చూసి, బ్యాటరీ ఉబ్బిపోయిందండీ, ముందు ఇది తీసెయ్యాలి అని వెనక మూత విప్పి బ్యాటరీ బయట పెట్టాడు. రసీదు మీద టైము పదకొండూ యాభై రెండు. ఆ రసీదు ఇప్పటికీ నా దగ్గర ఉంది. రెండు గంటల దాకా నేను ఆ షాపులో స్టూలు మీదే కూర్చున్నాను. నా ఫోన్ నా కళ్ళ ముందే బల్ల మీద ముక్కలుగా పడి ఉంది.

అయినా నా పేరుతో శుభలేఖలు వెళ్ళడం ఆగలేదు. వాట్సాప్ వాళ్ళ దగ్గరున్న ఇంకో ఫోన్లో నడుస్తోందట. నిడదవోలులో ఒక మాస్టారు తెరిచారని, గంటలో ఆయన జీతం డబ్బులన్నీ పోయాయని సాయంత్రం తెలిసింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

అప్పుడు నాకు సత్యవతిగారు గుర్తొచ్చారు.

సత్యవతిగారిది మా పాత ఊరే. నాకంటే రెండేళ్ళు పెద్ద. ఆవిడకి పేరు పెట్టింది, పెళ్ళి చేసింది మా నాన్నగారే. ఆవిడ భర్త రాంబాబుగారికి గుండె ఆపరేషన్. గురువారం పొద్దున్న రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. ఏ వేళకి ఇంట్లోంచి బయలుదేరాలో ముహూర్తం చెప్పింది నేనే. కొబ్బరితోట కౌలు ముందే తీసుకుని, డబ్బంతా ఆవిడ ఖాతాలో వేసుకున్నారు. పిల్లలు దూరం, బ్యాంకు పనులన్నీ ఆవిడే ఫోన్లో చేసుకుంటుంది. ఆ విషయం కూడా నాకు ఆవిడే చెప్పింది. డబ్బు కడితేగాని లోపలికి తీసుకోరండీ అని.

నా పేరు మీద వెళ్ళిన ఒక్క శుభలేఖ ఆవిడ తెరిస్తే చాలు. ఆ ఆపరేషన్ జరగదు. ఆ మనిషి నా మూలంగా పోతాడు.

ఆవిడ నంబరు కామేశ్వరి ఫోన్లో కూడా ఉంది. ప్రతిసారీ తనే కలిపి ఫోన్ నా చేతికిచ్చింది. స్విచ్ఛాఫ్. అరగంట ఆగి చేశాను, స్విచ్ఛాఫ్. పడుకునేదాకా చేస్తూనే ఉన్నాను. రాంబాబుగారి నంబరు నా ఫోన్లో ఉంది, ఆ ఫోన్ షాపులో ఉంది. మిగతా ఊరివాళ్ళ నంబర్లదీ అదే గతి. సంధ్యావందనానికి కూర్చుంటే మంత్రం గుర్తుకు రాలేదు. యాభై ఒక్క ఏళ్ళ మనిషిని, చిన్నపిల్లాడిలా ఏడ్చాను. కామేశ్వరి నాకు అన్నం కలిపి పెట్టింది కాని తను తినలేదు. తను కూడా ఏదోలా ఉంది. నా కోసమే అనుకున్నాను.

గురువారం పొద్దున్నే మొదటి బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళాను. ఏ ముఖం పెట్టుకుని వెళుతున్నానో నాకే తెలియదు. రెండో అంతస్తు వరండాలో కుర్చీలో సత్యవతిగారు కూర్చుని ఉంది. పక్కన ఫ్లాస్కు, ఒళ్ళో దుప్పటి. నన్ను చూసి లేచి నిలబడింది.

రాంబాబుగారిని ఏడింటికే లోపలికి తీసుకెళ్ళారట. డబ్బు నిన్న మధ్యాహ్నమే బ్యాంకుకి స్వయంగా వెళ్ళి ఆసుపత్రి ఖాతాకి కట్టించేసిందట. గోడకి ఆనుకుని నిలబడిపోయాను. శుభలేఖ వచ్చిందా అని అడిగాను.

"ఆయ్, వచ్చిందండి. తెరవబోయానండి కూడా. ఇంతలో పెద్ద పంతులుగారు ఫోన్ చేశారండి."

నేను సరిగ్గా వినలేదనుకున్నాను. పెద్ద పంతులుగారు అంటే మా నాన్నగారు. ఆ ఊళ్ళో నేను చిన్న పంతులుగారిని. సత్యవతిగారు ఆపేసి సంచిలో పెట్టిన ఫోన్ తీసి, నేనున్నాను కదా అని ఆన్ చేసి నాకు చూపించింది. నా నంబరు ఆవిడ ఫోన్లో ఇప్పటికీ పెద్ద పంతులుగారు అనే ఉంది. ఆరేళ్ళలో ఆ పేరు మార్చడానికి ఆవిడకి మనసొప్పలేదట.

బుధవారం. పన్నెండూ ఇరవై ఆరు. వచ్చిన ఫోన్. ఒక నిమిషం పద్నాలుగు సెకన్లు. వాట్సాప్ కాల్ కాదు. అది వేరే చోట కనిపిస్తుంది, నేను రెండూ చూశాను. మామూలు ఫోన్ కాల్. ఆ టైముకి నా ఫోన్ కోటగుమ్మం దగ్గర బ్యాటరీ లేకుండా ఉంది. సిమ్ము కొవ్వూరులో కుంకుమ భరిణెలో ఉంది.

ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. బట్టలు సర్దుకుంటుంటే శుభలేఖ వచ్చింది. మా సుధ పెళ్ళి అనుకుని సంతోషపడింది. నొక్కింది. ఇన్‌స్టాల్ చెయ్యమని అడుగుతుంటే అద్దాలు పెట్టుకుని చదువుతోంది. అప్పుడు ఫోన్ మోగింది. ఎత్తగానే అవతల గట్టిగా "ఎవరూ?" అన్నారట. తనే చేసి ఎవరని అడిగేది ఒక్క పెద్ద పంతులుగారే కదా, నేనండి సత్యవతినండి అంది.

"నీలవేణీ, ఆ శుభలేఖ విప్పకు. మనింట్లో పెళ్ళి లేదమ్మా," అన్నారట.

తర్వాత ఆ ఫోన్ ఆపేసి, బ్యాంకుకి నువ్వే వెళ్ళి కట్టు, ఆపరేషన్ అయ్యేదాకా దాన్ని ముట్టుకోకు అని రెండుసార్లు చెప్పారట. రాంబాబు తగ్గి ఇంటికొస్తాడు, భయపడకు అన్నారట. ఆవిడ అలాగేనండి, అలాగేనండి అంది. పెట్టేశారు. ఆవిడ ఫోన్ ఆపేసి, చీర మడతపెట్టి సంచిలో పెట్టాక అప్పుడు గుర్తొచ్చిందట, ఆయన లేరు కదా అని. మంచం మీద అలాగే కూర్చుండిపోయిందట.

నీలవేణి ఎవరు అని అడిగాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"నేనేనండి. నా జన్మనామం అదంట. చిన్నప్పుడు పంతులుగారు ఒక్కరే అలా పిలిచేవారండి. మా అమ్మానాన్నా పోయాక ఆ పేరు ఇంకెవరికీ తెలీదండి. మా ఆయనకి కూడా తెలీదు."

నాకూ తెలియదు. ఇది నేను ఒట్టేసి చెప్పగలను. బారసాల రోజున బియ్యంలో రాసే పేర్లలో నక్షత్రాన్ని బట్టి వచ్చే పేరు ఒకటి ఉంటుంది. అది రాసి వదిలేస్తారు, ఎవరూ వాడరు. యాభై ఏళ్ళ కిందట మా నాన్నగారు ఎవరికి ఏం రాశారో నాకెలా తెలుస్తుంది?

పదకొండింటికి డాక్టరు బయటికి వచ్చి బాగానే జరిగిందని చెప్పాడు. సత్యవతిగారు నా కాళ్ళకి దండం పెట్టింది. నేను వెనక్కి జరిగాను. ఆ దండం ఎవరికి చెందాలో నాకు తెలియలేదు.

ఇంటికి వస్తూ దారిలో ఆ సిమ్ము కంపెనీ షాపులో ఆగాను. నా ఆధార్ కార్డు చూపించి, బుధవారం నా నంబరు నుంచి వెళ్ళిన కాల్స్ అడిగాను. కౌంటరులో ఉన్న అమ్మాయి కంప్యూటరు నా వైపు తిప్పి చూపించింది. పొద్దున్న పదీ నలభై తర్వాత ఆ రోజంతా ఒక్క కాల్ కూడా వెళ్ళలేదు.

ఇంటికి వెళ్ళి ఎవరితోనూ మాట్లాడకుండా అటక మీది రేకు పెట్టె దించాను. నాన్నగారి పాత నోటు పుస్తకాలు అందులో ఉంటాయి. ఆయన చివరి పదిహేనేళ్ళ పుస్తకాలు నేను ఫోన్లో ఫోటోలు తీసి పెట్టుకున్నాను. దొంగలు అవి చూసే ఉంటారు. కాని సత్యవతిగారు పుట్టిన ఏడాది పుస్తకం పెట్టె అడుగున ఉంది. దాన్ని నేను ఎప్పుడూ విప్పలేదు. కట్టిన పురికొస అలాగే ఉంది. చెదలు తిన్న అంచులు పొడి పొడిగా రాలాయి. వెతికితే దొరికింది. ఆడశిశువు, అనూరాధ రెండో పాదం, నీలవేణి. వ్యవహార నామం సత్యవతి. నాన్నగారి దస్తూరి.

కామేశ్వరి వంటింట్లోంచి వచ్చి ఏం వెతుకుతున్నారండీ అంది. కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. ఆసుపత్రి వరండా, పన్నెండూ ఇరవై ఆరు, నీలవేణి, అన్నీ. తనే చేసి ఎవరూ అన్నారట అని నేను చెప్పేసరికి కామేశ్వరి ఇక వినలేదు. లేచి లోపలికి వెళ్ళి తన ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

బుధవారం. పన్నెండూ నాలుగు, నా నంబరు. ఎత్తలేదు. పన్నెండూ పదకొండు, నా నంబరు. ఎత్తలేదు. పన్నెండూ పంతొమ్మిది, నా నంబరు. పదకొండు సెకన్లు.

రెండుసార్లు సుధ చెప్పినట్టే ఎత్తకుండా ఊరుకుందట. దేవుడి గది గడపలో కూర్చుని ఉంది, ఎదురుగా గూట్లో ఆ భరిణె. ఆ సిమ్ము అక్కడుంటే ఈ ఫోన్ ఎలా వస్తుందని ఒళ్ళు మండిపోయిందట. మూడోసారి మోగితే ఇక ఆగలేక ఎత్తింది. అవతల "ఎవరూ?" అన్నారు. మా ఆయన ఫోన్ దొంగతనం చేసి నన్నే ఎవరని అడుగుతావట్రా, నీ చేతులు పడిపోను, నీ ఇల్లు నాశనమైపోను అని నోటికొచ్చినట్టు తిట్టి పెట్టేసింది. సుధ మాట వినకుండా ఎత్తాను, దానివల్ల ఇంకేం ముంచుకొస్తుందో అని భయపడి మాకెవరికీ చెప్పలేదు. అందుకే ఆ రోజు తను అన్నం తినలేదు.

కామేశ్వరి ఇరవై రెండేళ్ళ పాటు ఆయనకి వండి పెట్టింది. చివరి ఏడాది నోట్లో ముద్ద పెట్టింది. ఆ గొంతు నువ్వు గుర్తుపట్టలేదా అని అడిగాను. అలా అడగకుండా ఉండాల్సింది.

"నా అరుపులే నాకు వినపడ్డాయండీ," అంది. "మావయ్యగారిని తిట్టానండీ. మూడుసార్లు చేశారు. మూడోసారి తిట్టాను."

ఇక ఆపుకోలేకపోయింది. అది దొంగలే అయ్యుంటారు, నువ్వు తిట్టింది మంచిదే అన్నాను. నా మాట నాకే నమ్మబుద్ధి కాలేదు.

సుధకి అన్నీ చెప్పాం. అది భయపడలేదు, బాగా ఆలోచించింది. ఎవరి నంబరు నుంచైనా ఫోన్ వచ్చినట్టు కనిపించేలా చెయ్యొచ్చట. తాతగారు సత్యనారాయణ వ్రత కథ చెబుతున్న రికార్డింగు ఒకటి నా ఫోన్లో ఉంది. ఆ గొంతు ఎత్తుకుని ఎన్ని మాటలైనా పలికించొచ్చట. ఇప్పుడు ఇవన్నీ జరుగుతున్నాయి నాన్నా అంది. సరే, ఒప్పుకున్నాను. మరి తాము వేసిన వలలో పడొద్దని దొంగలే ఫోన్ చేసి ఎందుకు చెబుతారు? ఆ రికార్డింగులో ఎవరూ అన్న మాట లేదు, అదెక్కడిది? పురికొస విప్పని పుస్తకంలో పేరు వాళ్ళకెలా దొరికింది? తెలీదు నాన్నా అంది సుధ.

నాకు మనశ్శాంతి లేనిది ఇక్కడే. అది దొంగలే అయితే, మా కుటుంబాల గురించి నాకే తెలియనివి ఎవరికో తెలుసు. అది తలుచుకుంటే నిద్ర పట్టదు. దొంగలు కాకపోతే ఆయన ముందు మా ఇంటికే చేశారు. కొడుకు కోసం చేశారు. కొడుకు రాజమండ్రిలో ఉన్నాడు, కోడలు తిట్టింది. అప్పుడు సత్యవతిగారికి చేశారు. మాకు చెప్పాలనుకున్నది ఏంటో మాకు తెలియదు. శుభలేఖ సంగతేనా, ఇంకేమైనా ఉందా? ఇది తలుచుకుంటే అసలు కూర్చోబుద్ధి కాదు.

జాగ్రత్తలన్నీ తీసుకున్నాను. కొత్త నంబరు, కొత్త పాస్‌వర్డులు. వాట్సాప్‌కి ఆరంకెల పిన్ను పెట్టింది సుధ. బయటి నుంచి వచ్చిన యాప్‌లు ఎక్కకుండా కట్టడి చేసింది. ఇప్పుడు ఏ ఇంట్లో వ్రతం చేయించినా తీర్థం ఇచ్చాక అందరినీ కూర్చోబెట్టి చెబుతున్నాను. శుభలేఖ బొమ్మగా వస్తే చూడండి, ఇన్‌స్టాల్ చెయ్యమంటే మాత్రం దేవుడి పెళ్ళైనా సరే ముట్టుకోకండి అని. నవ్వుతారు, కాని వింటారు. నా దగ్గరకి ఇంట్లో ఏదో తిరుగుతోందని వచ్చేవాళ్ళని కూడా ఇప్పుడు వెంటనే పంపించెయ్యలేకపోతున్నాను. కూర్చోబెట్టి వింటున్నాను.

ఆ పాత సిమ్ము ఇప్పటికీ కుంకుమ భరిణెలోనే ఉంది. ఏ ఫోన్లోనూ వెయ్యలేదు. కంపెనీవాళ్ళు నంబరు తీసెయ్యకుండా రీఛార్జి మాత్రం చేయిస్తున్నాను. ఎందుకు చేయిస్తున్నారు నాన్నా అంటుంది సుధ. గడువు దగ్గర పడగానే మళ్ళీ వెళ్ళి చేయించి వస్తాను.

కామేశ్వరి సంగతి వేరు. తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే ఎత్తొద్దని, ఎత్తినా పేరు చెప్పొద్దని సుధ మొత్తుకుంటోంది. అది చెప్పేది న్యాయమే, నేనూ అందరికీ అదే చెబుతున్నాను. కామేశ్వరి మాత్రం ఏ నంబరు మోగినా, చేతిలో పనున్నా తడి చెయ్యి కొంగుకి తుడుచుకుని పరిగెత్తి ఎత్తుతుంది. అవతలివాళ్ళు ఒక్క మాట అనకముందే తనే చెప్పేస్తుంది.

"నేనండీ. కామేశ్వరినండీ."

అని ఒక్క క్షణం ఆగుతుంది. లోను కావాలా అనో, గ్యాసు బుకింగు అనో ఎవరో మాట్లాడతారు. వద్దండీ అని మెల్లగా చెప్పి పెట్టేసి, మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోతుంది.